బల్లి పుస్తకం

ఐదేళ్ళప్పుడు మావాడికి చదవడం వచ్చు, కానీ చదవడమంటే పడదు. ఆ రెండూ ఒకే పిల్లాడిలో ఉండగలవని అప్పటిదాకా నాకు తెలియదు. గుణింతాలు గడగడా చెప్పేవాడు. వత్తులు సగం వచ్చు. పుస్తకం ముందు పెడితే మాత్రం ఒక్కో అక్షరాన్నీ వేలితో పొడుచుకుంటూ వెళ్ళి, వాక్యం చివరికి చేరేసరికి మొదట్లో ఏముందో మర్చిపోయి నా మొహంలోకి చూసేవాడు. "ఇంకా ఎన్ని పేజీలున్నాయి?" పుస్తకం గురించి వాడడిగే ప్రశ్న అదొక్కటే.

ఆ రోజుల్లో వాడికి ఒక పుస్తకం కానుకగా వచ్చింది. అట్ట మీద పెద్ద అక్షరాల్లో వాడి పేరే. లోపల కథలో పిల్లాడి పేరూ అదే. (ఆ పేరు ఇక్కడ రాయను. ఎందుకో కింద చెప్తాను.) అడవిలో దారి తప్పిన పిల్లాడు గుర్రమంత కుక్కతో స్నేహం చేసి, దాని వీపెక్కి ఇల్లు చేరతాడు. మొదటి సాయంత్రం ఇంట్లో సందడే సందడి. ప్రతి పేజీలో తన పేరు ఎక్కడుందో వెతికి, వేలు పెట్టి లెక్కపెట్టాడు. 23 సార్లుంది. పడుకునేటప్పుడు దిండు కింద పెట్టుకున్నాడు. ఇక దారిలో పడ్డాడని నేను సంబరపడ్డాను.

నాలుగో రోజుకి ఆ పుస్తకం మంచం కింద దుమ్ములో ఉంది. "ఏం నాన్నా, నీ పుస్తకం చదవవా?" అంటే, వాడు చాలా మామూలుగా ఒక మాటన్నాడు. "అందులో ఉన్నది నేను కాదమ్మా. నేనైతే కుక్క దగ్గరికి వెళ్ళను కదా."

అక్షరాలా నిజం. వీధి చివర కుక్క కనిపిస్తే చాలు, నా వెనక్కి వచ్చి చెయ్యి పట్టేసుకునే పిల్లాడు వాడు. ఆ పుస్తకం వేసినవాళ్ళకి వాడి పేరు తెలుసు, వాడు తెలియదు.

అప్పటినుంచీ నాది ఒకటే అభిప్రాయం, ఏళ్ళు గడిచేకొద్దీ అది గట్టిపడింది. పేరు పెట్టిన కథ వేరు, పిల్లాడి కథ వేరు. మొదటిదాన్ని అచ్చు యంత్రం చేసిపెడుతుంది. రెండోదానికి ఆ పిల్లాడి మాట చెవిన పెట్టిన మనిషి కావాలి. చదవడం మీద ఇష్టం పుట్టించేది ఆ రెండోదే.

అలాగని పేరును తీసిపారేయడం లేదు. దాని శక్తి చిన్నది కాదు. 1995లో మాండెల్, జుస్‌చిక్, పిసోనీ అనే ముగ్గురు పరిశోధకులు నాలుగున్నర నెలల పసిపిల్లలకి వాళ్ళ పేరూ, వేరే పేర్లూ వినిపించి చూశారు. అదే తూగు ఉన్న వేరే పేర్ల కన్నా తమ పేరునే ఆ పిల్లలు ఎక్కువసేపు విన్నారు. ఒక్క మాట కూడా పలకడం రాని వయసది. పెద్దవాళ్ళ సంగతి అంతకుముందే, 1959లో, నెవిల్ మోరే చూపించాడు. ఒక చెవిలో వినిపించే మాటల్ని శ్రద్ధగా తిరిగి చెప్పమంటే, రెండో చెవిలో ఏం వినిపించారో మనకి దాదాపు గుర్తుండదు. కానీ ఆ రెండో చెవిలో తమ పేరు వినిపిస్తే కొందరు టక్కున పట్టేశారు. గోలగోలగా ఉన్న గదిలో ఎవరో మన పేరెత్తితే తల అటు తిరగడం అందరికీ అనుభవమే కదా. అక్షరాల దగ్గరా ఇదే వరస. ఇంగ్లీషు నేర్చుకుంటున్న చిన్నపిల్లలకి తమ పేరులోని మొదటి అక్షరం మిగతావాటికన్నా బాగా తెలుసని 1998లో ట్రైమన్, బ్రోడరిక్ రాశారు. తెలుగులో చూసినా, బడికింకా వెళ్ళని పిల్ల ఏదో గోడ మీది రాత చూసి "అదిగో నా అక్షరం!" అని అరుస్తుంది, ఆ అక్షరం తన సొంత ఆస్తి అన్నట్టు.

పేరు పిలుపు లాంటిది. పిలిస్తే పిల్లాడు వెనక్కి తిరిగి చూస్తాడు. చూశాక మన దగ్గర చెప్పడానికేం ఉంది అన్నదే అసలు సంగతి. 1996లో కోర్డోవా, లెపర్ అనే ఇద్దరు బడిపిల్లలకి లెక్కలు నేర్పే కంప్యూటరు ఆటల్లో పిల్లల సొంత వివరాలు కలిపి చూశారు. ఆ పిల్లలు ఆటని ఎక్కువ ఇష్టపడ్డారు, ఎక్కువ నేర్చుకున్నారు. అయితే వాళ్ళు కలిపింది పేరు ఒక్కటే కాదు. స్నేహితుల పేర్లు, ఇష్టమైన వస్తువులు, ముందుగా పిల్లల్నే అడిగి తెలుసుకున్నవి కలిపారు. ఆ అడగడం నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

తెలుగులో ఈ అచ్చు పుస్తకాలకి ఇంకో చిక్కుంది, దాన్ని వేసేవాళ్ళు పట్టించుకున్నట్టు కనిపించదు. మన భాషలో పేరు ఒంటరిగా నిలబడదు. రవికి, రవిని. కమలకు, కమలను. రాముడికి, రాముణ్ణి. పేరు చివర ఏ అచ్చుందో చూసుకుని ప్రత్యయం మారుతుంది. ఆడపిల్లా మగపిల్లాడా అన్నదాన్నిబట్టి వచ్చిందా, వచ్చాడా అని ప్రతి క్రియా మారుతుంది. ఖాళీ వదిలి అందులో పేరు అతికించే పద్ధతి మన వాక్యంలో ఇమడదు. మావాడి పేరు "ఇ"తో ముగుస్తుంది. ఆ పుస్తకంలో మాత్రం ఎక్కడ చూసినా "కు", "ను" అతికించి ఉన్నాయి. రవికు అన్నట్టు, రవిను అన్నట్టు. ఐదేళ్ళవాడికి వ్యాకరణం ఏం తెలుస్తుంది అనుకుంటాం. చెవికి తెలుసు. "నన్ను ఇలా ఎవరు పిలుస్తారమ్మా?" అని అడిగాడు. తన పేరే తనకి పరాయిగా వినిపించిందన్నమాట. సొంత కథ అని చెప్పి చేతిలో పెట్టిన పుస్తకం పిల్లాడి సొంత పేరునే తప్పుగా పలికితే, ఇక ఆ కథని వాడెందుకు నమ్మాలి?

ఆ వారంలోనే ఒక రాత్రి కరెంటు పోయింది. వాడు టార్చి పట్టుకుని స్నానాల గదికి వెళ్ళాడు. అరుపు లేదు, చప్పుడు లేదు, ఎంతసేపటికీ తిరిగి రాలేదు. నేను వెళ్ళి చూస్తే, గోడ మీద టార్చి వెలుగు గుండ్రంగా పడి ఉంది. మధ్యలో బల్లి. ఇవతల వీడు. ఇద్దరూ బొమ్మల్లా నిలబడిపోయి ఉన్నారు. మర్నాడు పొద్దున కళ్ళు తెరిచీ తెరవగానే అదే కథ. వాళ్ళ నాన్నకి చెప్పాడు. ఫోనులో అమ్మమ్మకి చెప్పాడు. నాకు మళ్ళీ చెప్పాడు. నాలుగోసారి మొదలుపెట్టినప్పుడు నేను రెండు తెల్లకాగితాలు తెచ్చి, మధ్యకి మడిచి, మడత మీద రెండు స్టేప్లర్ పిన్నులు కొట్టాను. "మెల్లగా చెప్పు, రాస్తాను" అన్నాను.

వాడు చెప్పింది చెప్పినట్టే రాశాను, పేజీకి ఒకటో రెండో వాక్యాలు, పెద్ద అక్షరాల్లో.

కరెంటు పోయింది. నేను టార్చి పట్టుకున్నాను.
గోడ మీద బల్లి ఉంది.
బల్లి నన్ను చూసింది.
నేను బల్లిని చూశాను.
ఇద్దరం కదల్లేదు.
అమ్మ వచ్చింది.
బల్లి వెళ్ళిపోయింది.

ఐదో పేజీ దగ్గర నేనొక తప్పు చేశాను. "ఇద్దరం కదల్లేదు" అని వాడు చెప్తే, కథకి బాగుంటుందని "నాకు భయమేసింది" అని పక్కన కలిపాను. చదివి వినిపించగానే ఆపేశాడు. "భయమెయ్యలేదు. కదల్లేదు, అంతే." పెన్సిలుతో తనే కొట్టేశాడు, కాగితం చిరిగేంత గట్టిగా. ఆ కొట్టివేత ఇప్పటికీ అలాగే ఉంది. వాడికి భయమేసిందా లేదా అన్నది నాకు తెలిసినట్టు రాయడం నా తప్పు. ఆ క్షణం వాడిది. దానికి ఏ మాట సరిపోతుందో వాడికే తెలుసు. ఆలోచిస్తే "కదల్లేదు" అన్నదే మంచి వాక్యం కూడా. బొమ్మలన్నీ వాడే వేశాడు. బల్లికి ఆరు కాళ్ళు పెట్టాడు. నేను నోరెత్తలేదు.

ఆ రోజు ఆ పుస్తకం 11 సార్లు చదివాడు. వేలితో పొడవడం లేదు, నా మొహంలోకి చూడడం లేదు. పేజీలు ఎన్ని మిగిలాయని అడగనే లేదు.

ఎందుకిలా జరిగిందో తర్వాత తర్వాత అర్థమైంది. కొత్తగా చదివే పిల్లలకి ఒక్కో అక్షరాన్నీ విప్పుకోవడంలోనే బుర్ర నిండిపోతుంది. వాక్యం అర్థాన్ని పట్టుకోవడానికి చోటు మిగలదు. తాము చెప్పిన మాటలే కాగితం మీద ఉంటే, అర్థం ముందే చేతిలో ఉంటుంది. తర్వాత రాబోయే మాట నోటి చివరే ఉంటుంది. అక్షరాల్ని చూసి సరిపోల్చుకుంటే చాలు. అలా సరిపోల్చుకుంటున్నప్పుడే మావాడికి నెలల తరబడి కొరుకుడు పడని ల వత్తు లొంగింది. బల్లి అన్న మాటలో అది ఉంది, బల్లి వాడి సొంత జంతువు. వారం తర్వాత ఇంకేదో పుస్తకంలో "పిల్లి" చూసి, "ఇందులో బల్లిది ఉంది!" అన్నాడు. ఆ తర్వాత తల్లి, చెల్లి, ఇల్లు, నల్లగా, తెల్లగా... ఎక్కడ కనిపిస్తే అక్కడ పట్టుకునేవాడు. "కదల్లేదు"లో కూడా అదే ఉందని కనిపెట్టిన రోజు గది అంతా పరిగెత్తాడు. ఒక్క మాట గట్టిగా పట్టుబడితే దాని చుట్టాలన్నీ వెంట వస్తాయి, అది తెలుగు లిపిలో ఉన్న గొప్ప సౌకర్యం. కానీ ఆ మొదటి మాట ఏదో బయటివాళ్ళు నిర్ణయించలేరు. అరటిపండు బొమ్మ కింద "అ" అని రాసినంత మాత్రాన అది ప్రతి పిల్లకీ మొదటి మాట అయిపోదు.

నాకంటే చాలా ముందే ఈ సంగతి సిల్వియా ఆష్టన్-వార్నర్ అనే టీచరమ్మ గ్రహించింది. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకి చదువు చెప్పిన మనిషి. బయటి నుంచి తెచ్చిన వాచకాల్లోని ఇళ్ళూ మనుషులూ ఆ పిల్లల బతుకుల్లో లేరు, వాళ్ళు అవి చదవలేకపోతున్నారు. ఆవిడ వాచకాలు పక్కన పెట్టి, రోజూ పొద్దున ఒక్కొక్కళ్ళనీ దగ్గరికి పిలిచి "ఇవాళ నీకు ఏ మాట కావాలి?" అని అడిగేది. పిల్ల ఏ మాట అడిగితే ఆ మాట గట్టి అట్ట మీద పెద్దగా రాసి చేతికిచ్చేది. పిల్లలు అడిగినవి దెయ్యం, ముద్దు లాంటివి. అంటే తాము బాగా భయపడేవీ, బాగా ప్రేమించేవీ. ఆ మాటల్ని ఒక్కసారి చూస్తే చాలు, మర్చిపోయేవాళ్ళు కాదు. మర్నాడు ఏదైనా అట్టని పిల్ల గుర్తుపట్టలేకపోతే, ఆవిడ పిల్లని తిట్టేది కాదు, ఆ అట్టని తీసేసేది, ఇది ఈ పిల్ల మాట కాదని. తన అనుభవాన్ని 1963లో పుస్తకంగా వేసింది. తప్పు పిల్లది కాదు, మాటది అన్న ఆ నిర్ణయం ముందు నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. మన ఇళ్ళలో దీనికి సరిగ్గా తిరగేసి చేస్తాం. "నిన్న చెప్పాను కదా, ఇవాళ మర్చిపోయావా?"

ఈ ఇంటి పుస్తకాల గురించి ఎవరికి చెప్పినా ముందొచ్చే అభ్యంతరం ఒకటుంది. అది చదవడం కాదు, బట్టీ పట్టడం అని. తను చెప్పిన వాక్యాలే కదా, చూడకుండా చెప్పేస్తాడు కదా అని. నాకూ ఆ అనుమానం వచ్చింది. అందుకని అవే వాక్యాల్ని వేరే కాగితం మీద రాసి, కత్తెరతో మాట మాటా ముక్కలు చేసి, కలిపి కుప్ప పోశాను. "బల్లి"కీ "బల్లిని"కీ తేడా ఎక్కడుందో వాడు కనిపెట్టాల్సి వచ్చింది. కనిపెట్టాడు. ముక్కల్ని అటూ ఇటూ మార్చి "టార్చి నన్ను చూసింది", "గోడ వెళ్ళిపోయింది" అని కొత్త వాక్యాలు చేసి పొట్ట పట్టుకుని నవ్వాడు. బట్టీ పట్టినవాడు అలా నవ్వలేడు. ఇంకో సంగతి కూడా ఉంది. చిన్నపిల్లలకి కొత్త కొత్త కథలు చాలా చదివి వినిపించడం కన్నా, అవే కథలు మళ్ళీ మళ్ళీ వినిపించినప్పుడు కొత్త మాటలు బాగా నిలిచాయని 2011లో జెస్సికా హోర్స్ట్ బృందం మూడేళ్ళ పిల్లలతో చేసిన పరిశోధనలో తేలింది. "మళ్ళీ చదువు" అని పిల్ల అడిగితే విసుక్కోవద్దని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? మళ్ళీ మళ్ళీ చదవాలనిపించే కథల్లో మొదటిది తన కథే.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ప్రతి కథలోనూ తనే ఉంటే, పిల్లలు "నేను, నేను" అంటూనే పెరగరా? వేరే మనుషుల గురించి ఎప్పుడు చదువుతారు? నటాలియా కుచిర్కోవా అనే పరిశోధకురాలు ఏళ్ళ తరబడి ఇలాంటి పుస్తకాల మీదే పని చేసింది. 2014లో ఆవిడా, ఆవిడ సహచరులూ చిన్నపిల్లలతో చేసిన అధ్యయనాల్లో, పిల్లల సొంత వివరాలున్న పేజీల నుంచి పిల్లలు ఎక్కువ మాటలు నేర్చుకున్నారు. అదే సమయంలో, అలాంటి పుస్తకం చదివేటప్పుడు పిల్లలు తమ గురించే ఎక్కువ మాట్లాడారని కూడా ఆవిడ దాచకుండా రాసింది. అంటే లాభం నిజం, జాగ్రత్త పడాల్సిందీ నిజం.

1990లో రుడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికన్ అధ్యాపకురాలు ఒక మాటంది. పిల్లల పుస్తకాలు అద్దాలుగా ఉండాలి, కిటికీలుగా ఉండాలి, పక్కకి జరిపి అవతలికి నడిచి వెళ్ళగలిగే గాజు తలుపులుగా కూడా ఉండాలి. నల్లజాతి పిల్లలకి పుస్తకాల్లో తమ మొహమే కనిపించని కాలం గురించి రాస్తూ అన్న మాట అది. పుస్తకాల్లో ఎక్కడ చూసినా తమలాంటి పిల్లలే కనిపించే పిల్లలకి అద్దం కొరత తెలియదు. చెవిలో వినికిడి మిషను పెట్టుకునే పిల్ల సంగతి ఆలోచించండి. చక్రాల కుర్చీలో తిరిగే పిల్లాడు, అమ్మ ఒక్కతే పెంచుతున్న పిల్ల, ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడే పిల్లాడు. వీళ్ళ మొహం ఉన్న పుస్తకం అచ్చులో దొరికేదాకా వీళ్ళు ఆగాలా? మడిచిన రెండు కాగితాల మీద "నా చెవి మిషను బ్యాటరీ అయిపోయిన రోజు" అని ఒక కథ రాస్తే, ఆ పిల్లకి పుస్తకాల లోకంలో తనకీ చోటుందని తెలుస్తుంది. నాకు తెలిసి ఇంటి పుస్తకానికి ఇంతకన్నా గొప్ప ప్రయోజనం లేదు.

కానీ అద్దం ముందే నిలబెట్టి వదిలేయకూడదు, ఆ మాట ఒప్పుకుంటాను. మా ఇంట్లో దారి దానంతటదే దొరికింది. మొదటి రెండు పుస్తకాలూ "నేను" అని రాయించాడు. మూడోదానికి "వాడు అని రాయి" అన్నాడు. ఎందుకురా అంటే, "దూరం నుంచి చూస్తే బాగుంటుంది" అన్నాడు. ఐదో పుస్తకం మళ్ళీ బల్లి గురించే, ఈసారి చెప్పేది బల్లి. "నేను బల్లిని. ఒక పిల్లాడు నా మీద వెలుగు వేశాడు." అక్కడ ఆగిపోయాడు. వెలుగు వేస్తే బల్లికి కళ్ళు నొప్పెడతాయా? రెప్పలు వేస్తుందా? నాకు తెలియదన్నాను. అందుకోసం జంతువుల పుస్తకమొకటి తెచ్చుకున్నాం. అందులో వాడి పేరు ఒక్కసారి కూడా లేదు. చిన్న అక్షరాలు, పొడుగు వాక్యాలు. నా పక్కన కూర్చుని, కష్టమైన మాట దగ్గర మాత్రం ఆగి అడుగుతూ, ఆ పేజీ మొత్తం చదివాడు. "అమ్మా, బల్లికి రెప్పలే లేవంట! నాలుకతో కళ్ళు తుడుచుకుంటుందంట!" ఆ నాలుక సంగతి బల్లి కథలోకి వచ్చి చేరింది. తన కథ నుంచి బల్లి కథకీ, బల్లి కథ నుంచి లోకంలో బల్లులన్నింటికీ వాడు నడుచుకుంటూ వెళ్ళాడు. ఎవరూ తొయ్యలేదు.

ఇక్కడొక సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. పిల్లల పేరుతో నీతి కథలు రాయకండి. "ఒక ఊళ్ళో ఫలానా అనే పాప ఉండేది, అది పళ్ళు తోముకునేది కాదు, ఒకరోజు..." పిల్లలకి ఇది మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. కథ అని పిలిచి క్లాసు పీకుతున్నామని పసిగట్టిన పిల్ల, ఆ మర్నాటి నుంచి కథ అంటేనే జంకుతుంది. చదువు మీద ఇష్టం పుట్టించాల్సిన ఆయుధాన్ని దండించడానికి వాడుకోవడమే అది. ఆటిజం ఉన్న పిల్లల కోసం 1990ల మొదట్లో కరోల్ గ్రే అనే టీచరు "సోషల్ స్టోరీస్" అని ఒక పద్ధతి తెచ్చింది. ఆ పిల్లకి అర్థం కాని సందర్భాన్ని, ఆ పిల్ల వైపు నుంచే, చిన్న కథగా రాసివ్వడం. ప్రవర్తన నేర్పడానికి పుట్టిన ఆ పద్ధతిలో కూడా ఆవిడ పెట్టిన నియమం ఏంటంటే, "ఇలా చెయ్యి" అనే వాక్యాలకన్నా "ఇక్కడ ఇలా జరుగుతుంది" అని వర్ణించే వాక్యాలే ఎక్కువ ఉండాలి. అలాంటి చోటే అంత జాగ్రత్త ఉంటే, సరదాగా చదువుకోవాల్సిన కథలో మనకెంత జాగ్రత్త ఉండాలి! అలాగే పక్క తడపడం, తోటిపిల్లలు వెక్కిరించడం లాంటివి పిల్లలు తమంతట తాము రాయమంటేనే రాయాలి. రాసినా నలుగురి ముందు చదివించకూడదు.

ఇప్పుడు ఫోనులో పిల్లాడి పేరు, వయసు, ఫోటో, ఇష్టాయిష్టాలు కొడితే నిమిషంలో బొమ్మల కథ తయారైపోతోంది. వాటిని నేను వాడి చూశాను. భాష చాలావరకు నయమైంది, "రవికు" లాంటివి తగ్గాయి. బొమ్మలు నా చేతిరాత కన్నా వెయ్యి రెట్లు అందంగా ఉన్నాయి. అయినా రెండు విషయాల్లో నాకు మనసొప్పదు. మొదటిది, ఆ వివరాలన్నీ ఎక్కడికి పోతున్నాయి? పిల్లాడి మొహం, పేరు, బడి, వాడు దేనికి భయపడతాడు అన్నది. దొంగిలించిన పాస్‌వర్డుని మార్చుకోవచ్చు, బయటికిపోయిన బాల్యాన్ని మార్చుకోలేం. పెద్దయ్యాక వాడు "నన్నడిగే ఇచ్చావా?" అంటే నా దగ్గర జవాబుండాలి. మావాడి పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే. ఆ యాప్‌లు వాడేవాళ్ళు కనీసం ఫోటో ఇవ్వకండి, అసలు పేరు బదులు ముద్దుపేరు ఇవ్వండి, కథ వచ్చాక కాగితం మీదకి దించుకుని అక్కడ పేరు మీ చేత్తో రాయండి.

రెండోది ఇంకా పెద్దది. ఆ కథలో వినడం అనే పని జరగలేదు. నేను కాగితం మీద "నాకు భయమేసింది" అని రాసినప్పుడు మావాడు ఆపాడు, కొట్టేశాడు. తెర మీద మెరిసిపోతున్న తయారైన కథని ఏ పిల్లాడు ఆపుతాడు? పైగా ఏది అడిగినా క్షణంలో ఇంకో కథ వస్తుంటే, ఒక్క కథని 11 సార్లు చదివే ఓపిక ఎక్కడినుంచి వస్తుంది? పిల్ల చెప్తుంటే పక్కన మీరు టైపు చేసి అచ్చు తీయండి, ఫోను అందుకు భేషుగ్గా పనికొస్తుంది. కథని చెప్పే పని మాత్రం దానికివ్వకండి.

తీరికెక్కడుంది అంటారు. ఆ బల్లి పుస్తకానికి నాకు పట్టింది పావుగంట, అదీ వాడు బొమ్మలు వేస్తుంటే చూస్తూ కూర్చున్నది కలిపి. రాయడం రాని నాయనమ్మా తాతయ్యా ఉంటే వాళ్ళు చెప్పించుకుంటారు, ఇంట్లో పెద్దపిల్ల రాస్తుంది. బడిలో నలభై మంది ఉంటే రోజుకొక్కరు చాలు. పొద్దున ఒక పిల్ల చెప్పిన రెండు వాక్యాలు బోర్డు మీద ఎక్కుతాయి, తరగతంతా చదువుతుంది, సాయంత్రం ఆ పిల్ల తన కాగితం ఇంటికి తీసుకెళ్తుంది. రెండు నెలల్లో నలభై మంది కథలతో ఒక పుస్తకం తయారవుతుంది, అది ఆ తరగతిలో అన్నిటికన్నా ఎక్కువ నలిగే పుస్తకమవుతుంది. ఒక పిల్ల కథ ఇంకో పిల్లకి కిటికీ కూడా అవుతుంది. రాసేటప్పుడు పిల్ల మాటని దిద్దకండి. "పడిపోయా" అంటే "పడిపోయాను" అని కాదు, "పడిపోయా" అనే రాయండి. అచ్చు భాష నేర్చుకోవడానికి ముందు బోలెడంత కాలం ఉంది.

మావాడికిప్పుడు తొమ్మిదేళ్ళు. సొంతంగా చదువుకుంటాడు, ఇంటి పుస్తకాలు చేయించుకోవడం ఎప్పుడో మానేశాడు. మొన్న అటక మీది పెట్టె సర్దుతుంటే ఆ కానుక పుస్తకం దొరికింది, ఆ కుక్క కథ. దుమ్ము దులిపి తెరిస్తే, లోపలంతా పెన్సిలు గీతలు. ఏడో ఏటో ఎనిమిదో ఏటో చేసుంటాడు, నాకు చెప్పలేదు. పేరు పక్కన "కు" ఉన్న ప్రతిచోటా కొట్టేసి పైన "కి" అని రాశాడు. "ను"ని "ని" చేశాడు. ఒక్కటి కూడా వదల్లేదు. పిల్లాడు కుక్కని మొదటిసారి చూసే పేజీలో అచ్చులో "వెంటనే దాని దగ్గరికి వెళ్ళాడు" అని ఉంది. "వెంటనే" మీద గీత కొట్టి ఉంది. పైన ఉన్న కాస్త చోటులో, అక్షరాలు ఇరికించి, తన చేతిరాతతో: "ఇద్దరూ కదల్లేదు. చాలాసేపటి తర్వాత".